చిన్న కుక్క సాటి కుక్కలపై ఎందుకు ఎగబడుతుంది? దాన్ని ఎలా మార్చాలి?

మూడు నాలుగు కిలోల పామేరియన్ ఒకటి, తనకు నాలుగింతలున్న కుక్కను చూసి, తాడు తెంపుకుంటుందేమో అన్నంతగా మొరుగుతూ మీదికి వెళ్తుంటే, దారిన పోయేవాళ్లు నిలబడి నవ్వుతారు. "గుప్పెడంత లేదు, దీని పౌరుషం చూడు" అంటారు. అదే పని లాబ్రడార్ చేస్తే అపార్ట్‌మెంటు సంఘానికి మరునాడే ఫిర్యాదు వెళ్తుంది, యజమాని ఆ వారంలోనే శిక్షకుడి కోసం వెతుకుతాడు. చిన్న కుక్క వల్ల జరిగే హాని తక్కువ కనుక దాని ప్రవర్తనను ఎవరూ సమస్యగా లెక్కించరు. లెక్కించకపోవడం వల్లనే అది ఏళ్ల తరబడి ముదురుతుంది. వియన్నా పశువైద్య విశ్వవిద్యాలయ పరిశోధకులు వెయ్యిమందికి పైగా యజమానుల సమాధానాల ఆధారంగా 2010లో ప్రచురించిన అధ్యయనంలో తేలింది కూడా ఇదే. చిన్న కుక్కలు పెద్దవాటికంటే ఎక్కువ కోపాన్నీ ఉద్రేకాన్నీ చూపాయి, మాట తక్కువ విన్నాయి. వాటి యజమానులు కూడా వాటితో ఆటకూ శిక్షణకూ తక్కువ సమయం కేటాయించారు, ఒకే పనికి ఒకరోజు ఒకలా, మరోరోజు మరోలా స్పందించారు. కాబట్టి చిన్న జాతులన్నీ ఇంతేనని చేతులు దులుపుకోవడానికి వీల్లేదు.

ఈ ఎగబాటును పౌరుషంగా చదవడంలోనే అసలు పొరపాటు ఉంది. సాటి కుక్కపై మొరిగి దూకే చిన్న కుక్కల్లో అత్యధిక భాగం భయంతో ఆ పని చేస్తాయి. నేలకు జానెడు ఎత్తున నడిచే జంతువుకు ఎదురుగా వచ్చే ప్రతి కుక్కా తలెత్తి చూడాల్సినంత పెద్దదే. పెద్ద కుక్క సరదాగా కాలెత్తి వేసినా దీని నడుము విరిగే ప్రమాదం ఉంది, ఆ సంగతి ఒకటి రెండు అనుభవాలతోనే దానికి అర్థమవుతుంది. భయపడిన జంతువు మొదట దూరంగా పోవాలనుకుంటుంది. మన కుక్క మెడకు తాడుంది, తాడు మన చేతిలో ఉంది, కాబట్టి పారిపోయే దారి మూసుకుపోయింది. మిగిలింది ఎదుటిదాన్ని బెదిరించి పంపడం ఒక్కటే.

ఆ బెదిరింపు దాదాపు ప్రతిసారీ ఫలిస్తుంది, చిక్కంతా అక్కడే ఉంది. ఎదుటి కుక్క ఎలాగూ తన దారిన వెళ్లిపోయేదే; దాని యజమాని ఇబ్బందిపడి రోడ్డు దాటుతాడు, లేదా మనమే మన కుక్కను లాక్కుపోతాం. ఎలా జరిగినా కుక్క లెక్క ఒకటే: మొరిగాను, ఆపద పోయింది. రోజుకు రెండు వాకింగుల్లో నాలుగైదు కుక్కలు ఎదురైతే ఈ పాఠం ఏడాదిలో వెయ్యిసార్లకు పైగా వల్లె వేసినట్టవుతుంది. ఇంత గట్టిగా నేర్చుకున్న పాఠం "నో" అని గదమాయిస్తే చెరిగిపోతుందని ఆశించడం న్యాయం కాదు.

భయం ప్రధాన కారణమే అయినా అదొక్కటే కారణం కాదు. కొన్ని కుక్కలు తాడు లేనప్పుడు సాటివాటితో హాయిగా ఆడుకుంటూ, తాడు కట్టగానే అవే కుక్కలను చూసి గోల చేస్తాయి. ఇది దగ్గరకు వెళ్లనివ్వలేదన్న చిరాకు. కొన్నింటిలో కారణం నొప్పి. పామేరియన్ వంటి చిన్న జాతుల్లో మోకాలిచిప్ప పక్కకు జారడం, చిన్న కుక్కల్లో పళ్లూ చిగుళ్లూ త్వరగా పాడవడం మామూలే. చెవిలో చీము, మన వాతావరణంలో తరచుగా వచ్చే పిడుదుల జ్వరం, వయసుతో మందగించిన చూపు కూడా కుక్కను చిరాకుగా మారుస్తాయి. నిన్నమొన్నటి వరకు శాంతంగా ఉన్న కుక్క ఉన్నట్టుండి మీద పడడం మొదలుపెడితే, శిక్షకుడి కంటే ముందు పశువైద్యుడి దగ్గరకు వెళ్లాలి. నొప్పి ఉన్న కుక్కకు ఎంత నేర్పినా నిలవదు.

"అది మనమీద పెత్తనం చేస్తోంది, లొంగదీయాలి" అనే సలహా ఇప్పటికీ ప్రతి వీధిలో వినిపిస్తుంది కనుక దాని మూలం గురించి రెండు మాటలు చెప్పాలి. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే స్విస్ శాస్త్రవేత్త, జూలో బంధించిన తోడేళ్లు పైచేయి కోసం కొట్లాడుకోవడాన్ని వర్ణించాడు. అమెరికన్ జీవశాస్త్రవేత్త డేవిడ్ మీచ్ 1970లో రాసిన పుస్తకం ద్వారా ఆ భావన లోకమంతా పాకింది. తర్వాత కెనడా ఉత్తర కొసన ఎల్స్‌మియర్ దీవిలో స్వేచ్ఛగా తిరిగే తోడేళ్లను ఏళ్ల తరబడి గమనించిన అదే మీచ్, 1999లో తన పాత మాటను తానే సవరించుకున్నాడు: అడవిలో తోడేళ్ల గుంపు అంటే తల్లిదండ్రులూ పిల్లలూ ఉన్న కుటుంబమే తప్ప పెత్తనం కోసం పోటీపడే ముఠా కాదు. శాస్త్రవేత్త వదులుకున్న ఊహను పట్టుకుని మనవాళ్లు ఇంకా కుక్కను వెల్లకిలా పడేసి అదిమిపట్టడం బాధాకరం. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పశువైద్యులు 2009లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, కొట్టడం, వెల్లకిలా పడేసి అదమడం, కళ్లలోకి గుచ్చి చూడడం వంటి పద్ధతులను ప్రయోగించిన కుక్కల్లో కనీసం నాలుగోవంతు యజమాని మీదికే తిరగబడ్డాయి.

గొంతు బిగించే గొలుసులూ విద్యుత్ షాకిచ్చే పట్టీలూ చేసే హాని మరింత లోతైనది. ఎదుటి కుక్క కనిపించిన క్షణంలోనే మెడకు నొప్పి కలిగితే, కుక్క ఆ నొప్పిని తన మొరుగుతో ముడిపెట్టుకుంటుందన్న హామీ లేదు. కళ్లెదుట కనిపిస్తున్న కుక్కతోనే ముడిపెట్టుకోవచ్చు. అప్పుడు భయం రెట్టింపవుతుంది. ఒకవేళ మొరగడం ఆగినా లోపలి భయం ఎక్కడికీ పోదు, గుర్రుమని హెచ్చరించే అలవాటు మాత్రం పోతుంది. హెచ్చరిక లేకుండా నేరుగా కరిచే కుక్క అలా తయారవుతుంది. గుర్రుమనడం మనకు వినసొంపుగా లేకపోయినా, అది కరవకుండా ఉండేందుకు కుక్క చేస్తున్న ప్రయత్నం; దాన్ని శిక్షించకూడదు.

మార్చాల్సింది కుక్కకు లోపల కలిగే భావన. దీని వెనుకనున్న సూత్రం కొత్తదేమీ కాదు. జీర్ణక్రియపై పరిశోధనలకు 1904లో నోబెల్ బహుమతి పొందిన రష్యన్ శాస్త్రవేత్త ఇవాన్ పావ్‌లోవ్, తిండికి ముందు ప్రతిసారీ ఒక సంకేతం వినిపిస్తే కొన్నాళ్లకు ఆ సంకేతానికే కుక్క నోట్లో లాలాజలం ఊరుతుందని చూపాడు. దక్షిణాఫ్రికా మనోవైద్యుడు జోసెఫ్ వోల్పే 1950లలో ఇదే తరహా ఆలోచనను మనుషుల భయాలకు అన్వయించాడు: భయపెట్టే వస్తువును తట్టుకోగలిగినంత స్వల్ప మోతాదులో చూపుతూ, అదే సమయంలో భయానికి విరుద్ధమైన స్థితిని కలిగిస్తూ, మోతాదును మెల్లగా పెంచుతూ పోవాలి. కుక్కల విషయంలో మోతాదు అంటే ప్రధానంగా దూరం, విరుద్ధ స్థితి అంటే ఇష్టమైన తిండి తినడం.

మొదట కనుక్కోవాల్సింది మీ కుక్కకు సరిపడే దూరం. ఎదుటి కుక్కను చూసినా మామూలుగా ఊపిరి తీసుకుంటూ, మీరు పిలిస్తే తిరిగి చూస్తూ, ఇచ్చిన ముక్కను మెత్తగా అందుకునేంత దూరం అది. ఒక కుక్కకు పది మీటర్లు చాలు, మరొకదానికి మైదానం అవతలి కొస కావాలి. దాని ఒళ్లే మీకు కొలబద్ద. మొరగడానికి చాలా ముందే సంకేతాలు మొదలవుతాయి: తినడానికేమీ లేకపోయినా పెదవులు నాక్కోవడం, నిద్ర వేళ కాకపోయినా ఆవలించడం, ముఖం పక్కకు తిప్పుకుని కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడడం. ఆ తర్వాత తెరిచి ఉన్న నోరు టక్కున మూసుకుంటుంది, తోక కర్రలా బిగుస్తుంది, బరువంతా ముందుకాళ్ల మీదికి వస్తుంది. ఒత్తు బొచ్చున్న కుక్కల్లో వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం అంత స్పష్టంగా కనిపించదు కనుక నోటినీ తోకనూ గమనించడం మేలు. నోరు మూసుకున్న ఆ క్షణమే వెనక్కి మళ్లాల్సిన క్షణం.

దూరం దొరికాక చేసే పని చూడడానికి చాలా చిన్నది. ఎదుటి కుక్క కనిపించాలి, మీ కుక్క దాన్ని గమనించాలి, ఆ వెంటనే నోటికి ముక్క అందాలి. ఎదుటి కుక్క కనబడుతున్నంతసేపు ముక్కలు వస్తూనే ఉండాలి, అది మూలమలుపు తిరిగి కనుమరుగు కాగానే ఆగిపోవాలి. ఈ వరస తప్పితే మొత్తం శ్రమ వృథా. కుక్క రాకను దూరం నుంచే పసిగట్టిన యజమాని కంగారుగా ముందే తిండి చూపిస్తే, కొన్నాళ్లకు తిండి సంచి చప్పుడే ప్రమాద సూచికగా మారుతుంది. కుక్క ముందు, ముక్క తర్వాత. ఎదుటి కుక్కను చూడగానే మీ కుక్క తనంతట తాను మీ ముఖంలోకి "ఏదీ నా ముక్క?" అన్నట్టు చూసిన రోజున, దాని మనసులో ముడి మారడం మొదలైందని అర్థం. అప్పుడు రెండు మూడడుగులు దగ్గరకు జరగవచ్చు. మళ్లీ బిగుసుకుంటే మళ్లీ వెనక్కి.

ముక్కల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే పొదుపు చేస్తారు. రోజూ గిన్నెలో దొరికే పొడి తిండికి భయాన్ని మించే శక్తి ఉండదు. ఉప్పూ కారమూ లేకుండా ఉడికించిన ఎముకలేని కోడిమాంసం, పనీర్, ఉడికిన గుడ్డు వంటివి ఈ శిక్షణకే ప్రత్యేకించి, వేరే సమయంలో పెట్టకుండా ఉంచాలి. కూరలోంచి తీసి కడిగిన ముక్క పనికిరాదు. ఉల్లీ వెల్లుల్లీ కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి. పరిమాణం శనగగింజలో సగం ఉన్నా చాలు. నాలుగు కిలోల కుక్క కడుపు చిన్నది, పెద్ద ముక్కలు పెడితే పది నిమిషాల్లో నిండిపోయి ఆసక్తి పోతుంది. తినిపించినంత మేర ఆ పూట భోజనంలో తగ్గించాలి, లేకపోతే ఒళ్లు పెరిగి మోకాళ్లపై భారం పడుతుంది.

"మొరిగే కుక్కకు మాంసం పెడితే మొరగమని నేర్పినట్టు కాదా?" అని అడిగేవాళ్లున్నారు, సహేతుకమైన ప్రశ్నే. సరైన దూరంలో ఉంటే కుక్క అసలు మొరగదు కనుక ఆ సందర్భం సాధారణంగా రాదు. పొరపాటున దూరం తగ్గి మొరిగినా, భయం అనేది జీతం కోసం చేసే పని వంటిది కాదు. మంచి తిండి దొరికిందని ఎవరూ మరింత భయపడరు. అయితే ఒకసారి రెచ్చిపోయిన కుక్క ముక్కను కన్నెత్తి చూడదు. ఆ స్థితిలో నేర్పడానికి ప్రయత్నించకుండా అక్కడినుంచి తప్పించడమొక్కటే చేయాలి. అందుకని ఎదురుగా ఏ కుక్కా లేనప్పుడు, ఇంటి వరండాలోనే, "పద" అనగానే గిరుక్కున వెనక్కి తిరిగి మీతో నడవడం ఒక ఆటలా నేర్పిపెట్టుకోవాలి.

తాడు పట్టుకునే తీరు కూడా ఈ విషయంలో భాగమే. దూరంగా కుక్క కనిపించగానే మనం తెలియకుండానే తాడు బిగిస్తాం. ఆ బిగింపు చేతిలోంచి కుక్క ఒంటికి చేరి, ఏదో జరగబోతోందని ముందే చెప్పేస్తుంది. చిన్న జాతుల్లో శ్వాసనాళం బలహీనంగా ఉండి నొక్కుకుపోయే జబ్బు ఎక్కువ కనుక మెడ బెల్టుకు బదులు ఛాతీ చుట్టూ కట్టే హార్నెస్ వాడాలి. పొడవు మారే రీలు తాళ్లను శిక్షణ కాలంలో పక్కన పెట్టడం మంచిది. రెండు మీటర్ల మామూలు తాడు, కొద్దిగా వదులుగా, చాలు.

శిక్షణ జరుగుతున్న వారాల్లో పాత పాఠం మళ్లీ వల్లె వేయకుండా చూడడం కూడా అంతే ముఖ్యం. మన అపార్ట్‌మెంట్లలో ఇది కష్టమైన పని. లిఫ్టు తలుపు తెరుచుకోగానే మూడడుగుల దూరంలో మరో కుక్క నిలబడి ఉంటే, అక్కడ ఏ సూత్రమూ పనిచేయదు. లిఫ్టు తలుపు వైపు మీరూ, వెనక మూలలో కుక్కా ఉండేలా నిలబడడం, లోపల మరో కుక్క ఉంటే తర్వాతిసారి వెళ్లడం, సెల్లారులో స్తంభాల చాటు వాడుకోవడం, రద్దీ తగ్గిన వేళ బయటికి తీయడం వంటివి అలవాటు చేసుకోవాలి. పగలంతా బాల్కనీ గ్రిల్లులోంచి కింద వెళ్లే కుక్కలపై మొరిగే కుక్కకు సాయంత్రం పావుగంట శిక్షణ ఏ మూలకూ చాలదు. ఆ గ్రిల్లుకు కింది రెండడుగుల మేర అడ్డుతెర కట్టడం ఖర్చులేని చికిత్స. దీపావళి టపాసుల తర్వాత కొన్ని రోజులు ఏ కుక్కకైనా సహనం తగ్గుతుంది. భయాలు ఒకదానిపై ఒకటి పేరుకుంటాయి. ఆ రోజుల్లో వాకింగు తగ్గించి ఇంట్లోనే వాసన పట్టే ఆటలు ఆడించినా నష్టమేమీ లేదు.

ఎత్తుకోవచ్చా అన్నది చిన్న కుక్కల యజమానులకే ఎదురయ్యే ప్రశ్న. "ఎత్తుకుంటే చెడిపోతుంది" అనే మాటతో నేను ఏకీభవించను. యజమాని లేని కుక్క పరుగున వస్తుంటే మూడు కిలోల ప్రాణిని నేలమీద వదలడం బాధ్యత అనిపించుకోదు. ఎత్తే తీరులో మాత్రం తేడా ఉంది. కేక వేసి గభాలున గాల్లోకి లాగితే కుక్కకు భయం రూఢి అవుతుంది, ఎదుటి కుక్క కూడా ఎగిరి అందుకోవాలని చూస్తుంది. "పైకి" అనే మాటకు మీ కాళ్ల దగ్గర ఆగి, ఛాతీ కింద ఒక చేయీ వెనకభాగం కింద మరో చేయీ పడగానే ఒదిగిపోయేలా ఇంట్లో నేర్పితే, వీధిలో అదే మాటతో ప్రశాంతంగా ఎత్తుకుని, పక్కకు తిరిగి నడిచిపోవచ్చు. కనిపించిన ప్రతి కుక్కకూ ఎత్తుకోవడం మాత్రం అలవాటుగా మారకూడదు. అలా మారితే అది నేలమీద తన కాళ్లపై నిలబడి దూరం నుంచి చూసి తమాయించుకోవడం ఎప్పటికీ నేర్చుకోదు.

వీధికుక్కల సంగతిని పాశ్చాత్య దేశాల శిక్షణ పద్ధతులు దాదాపుగా పట్టించుకోవు, మనకు అది తప్పదు. హైదరాబాదైనా విజయవాడైనా ప్రతి సందుకూ ఒక గుంపు, ఆ గుంపుకు తనదైన హద్దు ఉంటాయి. కేంద్ర ప్రభుత్వ 2023 జంతు జనన నియంత్రణ నియమావళి ప్రకారం, పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేసి, టీకా వేశాక, వాటిని పట్టుకున్న చోటే తిరిగి వదలడం సాధారణ పద్ధతి. కాబట్టి మీ వీధి కుక్కలు చాలావరకు మీ వీధిలోనే ఉంటాయి, మీ కుక్క వాటితో రోజూ ఎదురుపడుతుంది. వాటిలో ఏవి తటస్థమైనవో, ఏవి హద్దు కాపలా కాసేవో, పిల్లల తల్లి ఎక్కడుందో మీకు తెలిసి ఉండాలి. ఎండలో నీడపట్టున పడుకుని ఎవరినీ పట్టించుకోని ముసలి కుక్క, దూరం పాటించినంతవరకు, మీ శిక్షణకు చక్కని సహాయకురాలు. హద్దు కాపలా కాసే గుంపున్న సందులోకి మీ కుక్కను తీసుకెళ్లడం శిక్షణ కాదు. అవి వెంటపడితే పరుగెత్తకుండా, రాళ్లు విసరకుండా, మీ కుక్కను ఎత్తుకుని, చేతిలోని తినుబండారాలను వాటి వైపు వెదజల్లి నిదానంగా వెనక్కి నడవాలి. కుక్కలు కలబడితే మధ్యలో చేయి పెట్టకూడదు. ఎవరినైనా కరిస్తే, అది టీకాలు వేయించిన మన కుక్కే అయినా, గాయాన్ని పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి వెంటనే వైద్యుడిని కలవాలి. రేబిస్ విషయంలో రేపటికి వాయిదా పనికిరాదు.

కొన్ని వారాల తర్వాత మీ కుక్క దూరం నుంచి తేలిగ్గా ఉండగలిగితే, తెలిసినవారి నెమ్మదైన కుక్కతో పక్కపక్క నడక మొదలుపెట్టవచ్చు. రెండు కుక్కలూ రోడ్డుకు చెరోవైపున, ఒకే దిశలో నడవాలి. ముఖాముఖి ఎదురుపడడం కుక్కల మర్యాదలో దురుసుతనం, ఒకే దిశలో నడవడం స్నేహానికి దగ్గర. మధ్య దూరం రోజురోజుకూ తగ్గుతుంది. చివరికి కలిసినా రెండు మూడు క్షణాలు వెనుకవైపు వాసన చూడనిచ్చి, బిగుసుకోకముందే ప్రేమగా పిలిచి నడకలో పడాలి. అన్ని కుక్కలకూ స్నేహితులు అక్కర్లేదన్న మాట ఇక్కడ చెప్పుకోవాలి. సాటి కుక్కను చూసి, చూశానని మీకు తెలిపి, తన దారిన నడిచిపోగలిగితే ఆ కుక్క బాగుపడినట్టే.

కొత్తగా పిల్లను తెచ్చుకునేవారికి ఈ శ్రమలో చాలా భాగం తప్పుతుంది. కుక్కపిల్ల లోకాన్ని నిర్భయంగా స్వీకరించే వయసు దాదాపు 3వ వారం నుంచి 12, 14 వారాల వరకు. సోదర పిల్లలతో ఆడుతూ ఎంత గట్టిగా పట్టుకుంటే నొప్పి పుడుతుందో అది నేర్చుకునేది కూడా అప్పుడే. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017 నాటి కుక్కల పెంపక, విక్రయ నియమాలు చెబుతున్నా, నెల తిరగని పిల్లలను అట్టపెట్టెల్లో అమ్మడం ఆగలేదు. పార్వో అనే ప్రాణాంతక వైరస్ జబ్బు భయంతో టీకాలన్నీ అయ్యేదాకా నాలుగు గోడల మధ్య ఉంచేస్తే, అమూల్యమైన ఆ వారాలు గడిచిపోతాయి. పిల్లను నేలమీద దించకుండా చేతుల్లో మోస్తూ వీధి చూపించవచ్చు, టీకాలు పూర్తయిన నెమ్మదైన పెద్ద కుక్కలను ఇంటికి పిలిపించి కలపవచ్చు.

కరిచిన చరిత్ర ఉన్నా, నెలల తరబడి జాగ్రత్తగా చేసినా దూరం తగ్గకపోయినా, ఒంటరి ప్రయత్నం చాలదు. ఆందోళన తీవ్రంగా ఉన్న కుక్కలకు పశువైద్యుడు రాసే ఫ్లూయోక్సెటిన్ వంటి మందులు, నేర్చుకోగలిగే స్థితికి వాటిని తీసుకువస్తాయి. అవి మత్తుమందులు కావు, శిక్షణకు బదులూ కావు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే సర్దుకుంటుందన్న నమ్మకానికి భయం విషయంలో ఆధారం లేదు. శిక్షకుడిని ఎంచుకునేటప్పుడు సర్టిఫికెట్ల కంటే ముందు రెండు ప్రశ్నలు అడగండి: నా కుక్క తప్పు చేస్తే మీరేం చేస్తారు, సరిగా చేస్తే ఏం చేస్తారు? మొదటిదానికి "దూరం పెంచుతాను" అనేవారు దొరికితే పనిలో పెట్టుకోండి. కుక్కను తమ దగ్గర నెల రోజులు వదిలి వెళ్లమని, ఆ నెలలో చూడడానికి రావద్దని చెప్పేవారి దగ్గర వదలకండి.